బిడ్డ కోసము వేచియుండు యంత్రము



నాగోలులో బయలుదేరిన మెట్రో బండి దుర్గము చెరువు, హైటెక్ సిటీ స్టేషనులను దాటి రాయదుర్గములో ఆగును. అంతకు మించి ఆ దారిలో స్టేషను లేదు. 2019 నవంబరు 29వ తేదీన తెరవబడిన ఆ స్టేషను మెట్లు దిగి వచ్చువారిలో అధికసంఖ్యాకులు కంప్యూటరు పనివారు. బండరాళ్ళ నడుమ లేచిన అద్దాల మేడలలో వారు చేయు పని పైకి ఎంత జటిలముగా కనబడినను, తుదకు ఒక్క విషయమునకే సంబంధించినది: ఎక్కడనో ఎవరో ఒక బొత్తామును నొక్కుదురు, దానికి తగిన ఫలము తెరమీద పొడసూపవలయును. ఆ నొక్కుటకును ఈ పొడసూపుటకును నడుమనుండు వ్యవధిని తగ్గించుటకై వారు సెకనులో వేయవ వంతులను సైతము లెక్కపెట్టి శ్రమించుచుందురు. నేను నేడు ప్రసంగింపబోవుచున్నదియు బొత్తామును గూర్చియే. అయితే దానిని నొక్కువాడు అయిదారేండ్ల పసివాడు. ఆ ఒక్క నొక్కుటకై వానికి ఇరువది సెకనులు పట్టవచ్చును, అర నిమిషము పట్టవచ్చును. వాని యెదుట కీబోర్డు లేదు, మౌసు లేదు, అరచేతి వెడల్పు గల మీట ఒక్కటి మాత్రమే కలదు. వ్యవధిని తగ్గించుటలో ఆరితేరిన చేతులు, ఈ బిడ్డ విషయమున, వేచియుండుట నేర్వవలసియున్నవి. నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

సెరిబ్రల్ పాల్సీ యని డాక్టర్లు చెప్పు అవస్థను మీలో పలువురు ఎరిగియే యుందురు. గర్భములోనో, ప్రసవసమయముననో, పుట్టిన తొలి దినములలోనో, ఎదుగుచున్న మెదడునకు తగిలిన దెబ్బవలన కండరములు మనస్సు మాట వినకుండుట దీని లక్షణము. చేయి చాపుదమనుకొన్న బిడ్డకు చేయి వెనుకకు బిగిసిపోవును. తల యెత్తుదమనుకొన్నచో తల ప్రక్కకు ఒరిగిపోవును. నోరు తెరచినను మాట వెలువడదు. ఇట్టివారిలో కొందరికి బుద్ధిమాంద్యము తోడగును. కొందరి బుద్ధి మనలో ఎవ్వరి బుద్ధికిని తీసిపోదు. ఏ బిడ్డ యే తెగకు చెందినదో, మాట లేనప్పుడు, తెలిసికొనుట కడు దుర్ఘటము. అందువలన తల్లి తినిపించును, తండ్రి ఎత్తుకొనును, అక్క ఆడించును. బిడ్డకు కావలసినదంతయు బిడ్డ అడుగకముందే జరిగిపోవుచుండును. ప్రేమతో చేయు ఈ సేవయే క్రమముగా ఒక దారుణమైన పాఠమును బోధించును: నేనేమి చేసినను, చేయకున్నను, జరుగవలసినది జరుగుచునే యుండును, నా వలన మారునది యేదియు లేదు, అని. మూడేండ్ల ప్రాయమున నేర్చిన ఈ పాఠమును ఆరవయేట బడిలో మరపింపజేయుట ఎంతటి గురువునకైనను కష్టమే. ‘ఇది నా వలన జరిగినది’ యను అనుభవమును ఆ బిడ్డకు కలిగించుటయే మీట చేయవలసిన పని. తెరమీది బొమ్మ దానికి నిమిత్తమాత్రము.

ఆ మీటలో మర్మమేమియు లేదు. నొక్కినప్పుడు రెండు తీగెల కొనలు కలియును, వదలినప్పుడు విడిపోవును. తీగె చివర హెడ్‌ఫోనులకుండు 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉండును. ఈ కొలత లోకమంతట ఇట్టి మీటలకు వాడుకగా స్థిరపడినందున, ఒక దేశమున చేసిన మీటను మరియొక దేశమున చేసిన పరికరమునకు తగిలింపవచ్చును. నడుమనుండు చిన్న పెట్టె, తీగెలు కలిసిన ప్రతిసారియు, కీబోర్డులోని స్పేసు బారునో ఎంటరునో నొక్కినట్లు కంప్యూటరునకు తెలియజేయును. ఆ పెట్టె కొనుటకు స్తోమత లేనివారు పాత మౌసు నొకదానిని విప్పి, ఎడమ బొత్తాము క్రిందనున్న చిన్న స్విచ్చు కాళ్ళకు రెండు తీగెలను టంకమువేసి, వానిని ఒక సాకెట్టునకు కలిపినచో అదే పని మౌసు క్లిక్కు రూపమున నెరవేరును. కోఠి గుజరాతీ గల్లీ దుకాణములలో ఈ సామగ్రి యంతయు దొరకును. 2018లో మైక్రోసాఫ్టు సంస్థ విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరు అను ఆటల పరికరము వెనుకభాగమున ఇట్టి 3.5 మిల్లీమీటర్ల రంధ్రములు 19 వరుసగా కలవు. రాయదుర్గమునకు పొరుగుననున్న గచ్చిబౌలిలో ఆ సంస్థ అభివృద్ధి కేంద్రము ఎంత పెద్దదో ఇచ్చటి వారికి నేను చెప్పనక్కరలేదు. మీటను ఎచ్చట అమర్చవలయునో మాత్రము ఇంజనీరు తేల్చు విషయము కాదు. చేయి ఆడని బిడ్డకు తల ప్రక్కన, తల నిలువని బిడ్డకు మోకాలి ప్రక్కన, మరియొక బిడ్డకు పాదము క్రింద. ఏ కదలిక బిడ్డకు ఎక్కువ స్వాధీనమో ఫిజియోథెరపిస్టు తల్లిని అడిగి, బిడ్డను చూచి, నిర్ణయింపవలయును. నడుము నిలకడగా ఆని, వ్రేలాడు పాదములకు క్రింద ఆధారము దొరకిన పిమ్మటనే చేయి కొంత వశమగును. ఆ ఆధారము అమర్పకుండ మీట నొక్కుమనుట బిడ్డను శ్రమపెట్టుటయే.

స్వాధీనమున నున్న ఒక్క కదలికతో యంత్రమును నడపు ఈ మార్గము నిన్న మొన్న పుట్టినది కాదు. ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో దేహము చచ్చుబడిన రోగులు ఎవరినైనను పిలువవలెనన్న ఈల యొక్కటియే సాధనమై యుండుట చూచి, రెగ్ మేలింగ్ అను నాతడు 1960 ప్రాంతమున ఊపిరితో నడచు పోసమ్ యంత్రమును నిర్మించెను. గొట్టములోనికి ఊదియు, పీల్చియు, రోగి దీపము వెలిగించుకొనుటయు, టైపు చేయుటయు దానివలన సాధ్యమాయెను. దేహము క్రమముగా చచ్చుబడిన శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్ తొలుత చేతిలోని మీటతోను, చేయి స్వాధీనము తప్పిన పిమ్మట కంటియద్దములకు అమర్చిన పరికరము కనిపెట్టు చెక్కిలి కదలికతోను, తన మాటలను కూర్చుకొనెను. ఆయనకై ఇంటెల్ సంస్థ సిద్ధపరచిన సాఫ్ట్‌వేరు 2015 నుండి అందరికిని ఉచితముగా లభించుచున్నది. మన దేశమున మిథు అలూర్ 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీని నెలకొల్పుటకు ప్రేరణ సెరిబ్రల్ పాల్సీగల ఆమె కుమార్తె మాలినీ చిబ్. ఆ మాలినీ పెద్దయై, ఒక్క వ్రేలితో టైపు చేసి, తన జీవితకథను గ్రంథముగా వెలువరించినది. ఖరగ్‌పూర్ ఐఐటీ వారు కోల్‌కతాలోని సెరిబ్రల్ పాల్సీ సంస్థతో కలిసి బొమ్మలద్వారా వాక్యములు కూర్చు ‘సన్యోగ్’ను తయారుచేసిరి, చెన్నైలో అజిత్ నారాయణన్, విద్యాసాగర్ సంస్థ పిల్లల అవసరములను గమనించి, మాట లేనివారి తరఫున పలుకు ‘ఆవాజ్’ను రూపొందించెను. బొంబాయి, కోల్‌కతా, చెన్నై నగరములను తలచుకొన్న పిమ్మట హైదరాబాదు వైపు చూచితిమేని, సంపద యెక్కువగా నున్నచోట ఇట్టి పని అల్పముగా నున్నదను బాధ నాకు కలుగుచున్నది.

పునాది లేకపోలేదు. సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ, పేరు మారి నేడు ఎన్ఐఈపీఐడీ యని పిలువబడుచు, బుద్ధిమాంద్యముగల పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయులను దేశమునకంతటికి తయారుచేయుచున్నది. తెలంగాణమునను ఆంధ్రప్రదేశమునను మండలములలో ప్రత్యేకావసరములుగల పిల్లలకై భవిత కేంద్రములు కలవు. బడికి రాలేని బిడ్డల ఇండ్లకు ఆ కేంద్రముల ఉపాధ్యాయులే నడచి పోవుచున్నారు. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, తొలుత ఏడుగానుండిన వైకల్యములను ఇరువదియొకటికి పెంచుటయేగాక, నోటి మాటకు బదులుగా పనికివచ్చు సాధనములను ప్రోత్సహింపవలసిన బాధ్యతను ప్రభుత్వములపై ఉంచినది. ఇక రాయదుర్గమున, 2022 జూన్ 28న ఆరంభమైన కొత్త సంస్థలకు ఆశ్రయమిచ్చు టీ-హబ్ కొత్త భవనమునకు ప్రక్కనే, 2023 మార్చి 2న టీ-వర్క్స్ అను నమూనాల కర్మాగారము తెరువబడినది. అందులో త్రీడీ ప్రింటర్లు, లేజరుతో పలకలు కోయు యంత్రములు, సర్క్యూటు బోర్డులు చేయు సాధనములు అన్నియు ఒకచోటనే యున్నవి. కెనడాలోని మేకర్స్ మేకింగ్ చేంజ్ వారు మీటల నమూనాలను ఎవరైనను దించుకొని చేసికొనుటకు వీలుగా ఉచితముగా ఉంచియున్నారు. కావున మీట దొరకుట కష్టము కాదు. మీట నొక్కిన పిమ్మట తెరమీద జరుగునట్టిది, తెలుగుబిడ్డకు తనదని తోచునట్టిది, మిక్కిలి అరుదు. నా విన్నపమంతయు దానిని గూర్చియే.

మీట నొక్కగా తెరమీద జరుగు తొలి కృత్యము ఎట్లుండవలయును? ఒక్క నొక్కునకు ఒక్క ఫలము. నల్లని తెరమీద మరేమియు లేక ఒక్క డప్పు. నొక్కినచో ఆ డప్పు కదలును, ఒక దెబ్బ మ్రోగును, ఆగును. అంతకు మించినది అనవసరము. కంప్యూటరు పనివారికి తెరను నింపుట అలవాటు; మబ్బులు, పూలు, మూలనొక నక్షత్రము, క్రింద మార్కుల పట్టీ. సెరిబ్రల్ పాల్సీగల పిల్లలలో పెక్కురకు కన్ను బాగుగానే యున్నను, చూచినదానిని మెదడు పోల్చుకొనుటలో చిక్కు కలుగును. అట్టి బిడ్డకు నిండిన తెర శూన్యమైన తెరతో సమానము. నల్లని నేపథ్యముమీద ఎరుపో పసుపో గల ఒక్క వస్తువు, అదియు కదలునట్టిది, వాని చూపును లాగగలదు. ఇంకొక విశేషము: ఇట్టి బిడ్డ చేయి చాపునప్పుడు తరచు ముఖమును ప్రక్కకు త్రిప్పుకొనును, చూచుటయు చేయి చాపుటయు ఒకేసారి చేయుట కష్టము. అది తెలియని పెద్దలు, చూడకుండ నొక్కుచున్నాడని గద్దించి తలను తెరవైపు త్రిప్పుదురు. తల త్రిప్పినంతనే చేయి మీటను వదలిపోవును.

శబ్దము విషయమున మరింత జాగ్రత్త కావలయును. హఠాత్తుగా మ్రోగిన పెద్ద శబ్దమునకు పసికందు ఉలికిపడి చేతులు చాచు స్వభావము ఇట్టి పిల్లలలో ఏండ్లు గడచినను పోకుండవచ్చును. బిడ్డ ఎంతో శ్రమించి మీట నొక్కగా, బహుమానముగా చప్పట్లును బూరలును ఒక్కసారి మ్రోగినచో, దేహమంతయు బిగిసి, చేయి ఎగిరి, మీట మరల నొక్కుకొనును. మరల చప్పట్లు, మరల ఉలికిపాటు. చూచువారు బిడ్డ ఆనందించుచున్నదనుకొందురు. శబ్దము మెల్లగా మొదలై పెరుగవలయును. దాని హెచ్చుతగ్గులు ఉపాధ్యాయురాలి చేతిలో ఉండవలయును. వణకు చేయి ఒకసారి నొక్కదలచి నాలుగు సారులు నొక్కును. కావున మొదటి నొక్కు అందిన పిమ్మట నిర్ణీతమైన కొంతకాలము వరకు తక్కిన నొక్కులను ప్రోగ్రాము లెక్కింపరాదు. తెరమీది వెలుగు సెకనులో మూడు సారులకు మించి మెరయరాదన్నది వెబ్ ప్రమాణములలో ఏనాడో వ్రాయబడిన నియమము. మూర్ఛవ్యాధి ఈ పిల్లలలో సాధారణము గనుక, ఇట్టి కృత్యములో అది ప్రాణములకు సంబంధించిన నియమము.

ఇక వేచియుండుటను గూర్చి. ఒక తరగతిలో నేను చూచిన ఉపాధ్యాయురాలు బిడ్డ యెదుట మీట నుంచి, తన చేతులను ఒడిలో పెట్టుకొని, పెదవులు మూసికొని కూర్చుండెను. ప్రక్కనున్న తాత ఊరకుండలేక, ‘నొక్కు కన్నా, నొక్కు నాయనా, అదుగో, అదుగో’ యని ప్రోత్సహింపసాగెను. ఆమె ఆయనను చేతితో వారించినది. ప్రతి పిలుపునకును బిడ్డ తల ఆయన వైపు తిరుగును; తిరిగిన ప్రతిసారియు, మీట వైపు అంగుళమంత కదలిన చేయి మొదటి తావునకు వచ్చును. ప్రేమతో పలికిన మాట ఆ బిడ్డ ప్రయత్నమును తుడిచివేయుచున్నదని మాకందరకు అప్పుడు తెలిసినది. ప్రోగ్రాములు వ్రాయువారు ఇదే పొరపాటును యంత్రమునకు నేర్పుదురు. పది సెకనులలో నొక్కకున్నచో ‘మరల ప్రయత్నించుము’ అని గొంతు వినవచ్చును. ఇరువది సెకనులకు తెర తానుగా మొదటికి పోవును. బ్యాంకు లావాదేవీకి అట్టి గడువు అవసరము కావచ్చును. ఇచ్చట అది క్రౌర్యము. నోటిలోని ముద్ద మింగుదాక రెండవ ముద్ద పెట్టని తల్లివలె ప్రోగ్రాము నిరీక్షింపవలయును. గడియారము దానిలో ఉండరాదు. తప్పు అను మాట దానిలో ఉండరాదు. నొక్కినప్పుడు మాత్రము ఫలము తత్క్షణమే కనబడవలయును, ఏలయన రెండు సెకనులు ఆలస్యమైనచో తన నొక్కునకును ఆ ఫలమునకును సంబంధము కలదని బిడ్డకు తోచదు. నిరీక్షణము ఎంతయైనను కావచ్చును, ప్రతిఫలము మాత్రము రెప్పపాటులో రావలయును. ఈ రెండవది రాయదుర్గము వారికి బాగుగా తెలిసిన విద్యయే.

కృత్యములోని వస్తువు ఏది? దిగుమతియైన వానిలో మంచుబొమ్మలును, ఉన్ని టోపీలును, పరాయి యాసలో పలుకు గొంతులును కనబడును. మన బిడ్డ యెరిగిన లోకము వేరు. ఉదయము ప్రెషరు కుక్కరు ఈల, గేటు దగ్గర పాలవాని గంట, ఆర్టీసీ బస్సులో ‘రైట్ రైట్’ అను కేక, మెట్రో తలుపు మూసికొనుటకు ముందు వినవచ్చు ప్రకటన, ఆషాఢములో వీథినుండి వచ్చు బోనాల డప్పు, బతుకమ్మ చుట్టు చప్పట్లు. గంగిరెద్దును తీసికొనుడు: నొక్కినచో తల ఊపును, మరల నొక్కినచో కాలు ఎత్తును, మరల నొక్కినచో సన్నాయి వినబడును. బోనము సిద్ధపరచుట మరియొకటి: కుండకు పసుపు, పిమ్మట కుంకుమ, వేపకొమ్మ, పైన దీపము, తుదకు డప్పుతో ఊరేగింపు, ఒక్కొక్క నొక్కునకు ఒక్కొక్క అంగము చేరుచు, అయిదవ నొక్కుతో బోనము ఇల్లు కదలును. వరుసక్రమము అనునది ఏమో, తరువాత ఏమి రానున్నదో, బిడ్డ ఇట్టి పనిలో గ్రహించును. ఫొటోలు ఆ బిడ్డ ఇంటివియే అయినచో మరియు మేలు; అమ్మమ్మ గొంతును ఫోనులో పట్టి చేర్చుటకు ఎంతో సేపు పట్టదు. ఇచ్చట మరువరానిదొకటి కలదు. ఈ మేడలను కట్టిన కూలీలు పాలమూరునుండియు, ఒడిశా బీహారులనుండియు వచ్చినవారు. వారి రేకుల ఇండ్లలోను ఇట్టి బిడ్డలు ఉందురు. ఆ బిడ్డకు ఒడియాలోనో భోజ్‌పురిలోనో పలుకు తల్లి గొంతు కావలయును. ఉర్దూ మాటలాడు ఇంటి బిడ్డకు ఉర్దూ, లంబాడీ తండా బిడ్డకు లంబాడీ. ధ్వనిని మార్చుకొను వీలు ప్రోగ్రాములో ఉన్నచో అన్నియు సాధ్యమే.

తరువాతి మెట్టు ఎన్నుకొనుట. రెండు బొమ్మలు, రెండు మీటలు. ఒకటి పాట, ఒకటి బంతి. పాట నొక్కినచో పాటయే రావలయును. పెద్దలు ‘ఇంతకుముందే పాట విన్నావు, ఇప్పుడు బంతి ఆడు’ అనరాదు. ఎన్నుకొనిన దానిని మనము ఇయ్యనిచో బిడ్డ ఎన్నుకొనుట మానివేయును. అన్నిటికంటె ముందుగా ఇయ్యవలసిన మాట ‘వద్దు’ అనునది. ఇష్టము లేని ముద్దను ఉమ్మివేయుటయో, ఏడ్చుటయో తప్ప నిరాకరణకు మార్గము లేని బిడ్డకు, ‘వద్దు’ అని తన తరఫున పలుకు మీట యొక్కటి ఎప్పుడును చేతికందునట్లు ఉండవలయును. ఆ మాట విన్నప్పుడు పెద్దలు చేయుచున్న పనిని ఆపవలయును, మందుల విషయమున తప్ప. పెక్కు కృత్యములలో ‘కావాలి’, ‘ఇంకా’ అనునవే కనబడును, ‘వద్దు’ కనబడదు. ఇది పెద్దల సౌకర్యమునకు చేసిన యేర్పాటని నా యభిప్రాయము.

ఆ పిమ్మట అక్షరములు. ఒక్క మీటతో అక్షరమును ఎన్నుకొను పద్ధతిని స్కానింగు అందురు: తెరమీది గడులమీదుగా వెలుగు తానుగా ఒక్కొక్కటిగా జరుగుచుండును, కావలసిన గడిమీదికి వచ్చినప్పుడు బిడ్డ మీట నొక్కును. ఒక్కొక్క గడిపై వెలుగు రెండు సెకనులు నిలుచునని అనుకొందము. క మొదలు మ వరకుగల 25 అక్షరములను ఒకే వరుసలో నుంచినచో, ఒక అక్షరము చేరుటకు సగటున పదుమూడు అడుగులు, అనగా 26 సెకనులు పట్టును. కాని మన పూర్వులు ఈ అక్షరములను అయిదు వర్గములుగా, వర్గమునకు అయిదు చొప్పున, ఏనాడో అమర్చియున్నారు. వెలుగు ముందు వర్గములమీదుగా దిగి, వర్గమును ఎన్నుకొనిన పిమ్మట అందులోని అక్షరములమీదుగా నడచినచో, సగటున మూడును మూడును కలిసి ఆరు అడుగులు, పండ్రెండు సెకనులు మాత్రమే. నోటిలో అక్షరము పుట్టుచోటును బట్టి చేసిన ఆ అమరిక, నోరు పలుకని బిడ్డకు ఇంతటి సదుపాయమగుట నాకు ఎంతో సంతోషమును కలిగించినది. అయినను చిక్కొకటి యున్నది. బిడ్డ మొట్టమొదట వ్రాయదలచు ‘అమ్మ’లోని మకారము ఆ పట్టికలో కట్టకడపటి గడి, వరుసలో 50 సెకనులకు, పట్టికలో 20 సెకనులకు గాని చేతికందదు. ప వర్గమును పైవరుసకు తెచ్చినచో 12 సెకనులకు దిగును. పట్టికను తలక్రిందులు చేయుమని కొందరు చెప్పవచ్చును. తోడి పిల్లలు క, ఖ, గ, ఘ యని వల్లించుచుండగా ఈ బిడ్డ తెర వేరొక క్రమమున నడచుట నాకు సమ్మతము కాదు. వర్ణమాలను ఉన్నట్లే యుంచి, ‘అమ్మ’ను బొమ్మతోకూడ పట్టికకు ముందే ఒక గడిలో నిలుపుట మేలు. అక్షరము ఎన్నుకొనిన వెంటనే దాని గుణింతమును, వత్తును ప్రత్యేకమైన వరుసగా తెరమీద పరచవలయును. ఇంగ్లీషు అక్షరములకై కట్టిన ప్రోగ్రాములో తెలుగు లిపిని తెచ్చి పోసినచో ఈ యేర్పాటు కుదరదు. ఇక, జరుగుచున్న వెలుగును సమయమునకు పట్టుకొనుటయే దుస్సాధ్యమైన బిడ్డకు రెండు మీటలు ఇయ్యవచ్చును: ఒకటి వెలుగును జరుపును, ఒకటి ఎన్నుకొనును. అప్పుడు కాలము పూర్తిగా బిడ్డ స్వాధీనము.

చేసినవి నిలుచుటకు కూడ ముందుచూపు కావలయును. ఇంగ్లాండులో మిడిల్స్‌బరోలోని ప్రయరీ వుడ్స్ పాఠశాల వంటి బడులు, మీటతో ఆడుకొను కృత్యములను ఫ్లాష్ అను సాధనముతో చేసి, లోకమునకు ఉచితముగా పంచినవి. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్‌కు స్వస్తి చెప్పినది. జనవరి 12 నుండి ఆ ఫైళ్ళు నడువకుండ చేసినది. ఏండ్ల తరబడి ఉపాధ్యాయులు చేసిన పని అనేక తరగతి గదులలో మూగవోయినది. అదే డప్పుకై, అదే బంతికై చేయి చాచు పిల్లలకు కారణము ఎవరు చెప్పగలరు? అంతకుముందే, 2019 జనవరిలో, ఇటుకలవంటి ఆదేశములను పేర్చి ప్రోగ్రాము కూర్చుటకు ఎంఐటీ వారు చేసిన స్క్రాచ్ తన మూడవ కూర్పుతో ఫ్లాష్‌ను విడిచి ఆధునిక బ్రౌజరులలో నడచునట్లు మారినందున అది నిలిచినది. స్క్రాచ్‌లో, స్పేసు నొక్కినప్పుడు ఇది జరుగవలయునని చెప్పు ఇటుక యొక్కటి చాలును, డప్పు మ్రోగును. ఇంజనీరు కాని అక్కయో అన్నయో ఒక సాయంకాలములో నేర్వవచ్చును. అంతకంటెను సులువుగా, స్లైడుల ప్రదర్శనకు వాడు సాఫ్ట్‌వేరులోనే స్పేసు నొక్కగా స్లైడు మారును గదా. అయిదు స్లైడులలో బోనము సిద్ధమగును.

రాయదుర్గములో పనిచేయుచు, శనివారము కొంత తీరిక గలవారు, ముందుగా కంప్యూటరు తెరువక, సమీపమున నున్న భవిత కేంద్రమునకు పోయి, ఉపాధ్యాయురాలి అనుమతితో ఒక మూల కూర్చుండి, ఒక్క బిడ్డను చూడవలయునని కోరుచున్నాను. ఏ చేయి, ఎంత సేపు, ఏ శబ్దమునకు నవ్వు, ఏ శబ్దమునకు ఉలికిపాటు. ఇవి కాగితముమీద వ్రాసికొని ఆమెకు చూపినచో, తప్పులు ఆమెయే దిద్దును. పిమ్మట చేయునది చిన్నదిగా చేయుడు. బొమ్మలను ఒక ఫోల్డరులోను, ధ్వనులను మరియొక ఫోల్డరులోను, వాటి పేర్లు తెలుగులో వ్రాసి, విడిగా ఉంచుడు. స్కానింగులో ఒక్కొక్క గడిపై వెలుగు నిలుచు కాలము, శబ్దపు హెచ్చుతగ్గులు, పదేపదే పడు నొక్కులను లెక్కింపని వ్యవధి, ఈ మూడింటిని ఆమె స్వయముగా మార్చుకొను వీలు తెరమీదనే కల్పించుడు. ఎవరైనను నకలు తీసికొని మార్చుకొనవచ్చునని దానిపై స్పష్టముగా వ్రాయుడు. వచ్చు జూన్‌లో ఆ కేంద్రమునకు మరియొక బిడ్డ వచ్చినప్పుడు, మీరు ఏ దేశమున ఉన్నను, ఆమె మిమ్ములను పిలువకయే పాత ధ్వనిని తీసి, కొత్త బిడ్డ తల్లి గొంతును ఆ పేరుతోనే అందులో ఉంచగలదు.